చెల్లీ, జపాన్‌లో ఆ నాలుగు రోజులు నీవే

చెల్లీ, ఈసారి మన ముచ్చట మంజీర దాటి, దేశం దాటి జపాన్ దాకా పోతున్నది. ‘జపాన్‌తోని మనకేం పని అక్కా’ అని పేజీ తిప్పెయ్యకు. పటాన్‌చెరు, సంగారెడ్డి దిక్కు ఇళ్ళకు జపాన్ ఇప్పుడు అంత పరాయి దేశమేమీ కాదు. రుద్రారంలోని ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీని తోషిబా వాళ్ళు 2013లో తీసుకున్నారు. కందిలో ఐఐటి భవనాలు చాలామట్టుకు లేచింది జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా ఇచ్చిన రుణంతో. 2024 ఫిబ్రవరిలో ఆ ప్రాంగణాన్ని ప్రధాని జాతికి అంకితం చేశారు. అదే జైకా సాయంతో నడిచే ‘ఫ్రెండ్‌షిప్’ పథకం కింద అక్కడి పిల్లలు పైచదువులకు జపాన్ పోతున్నారు. ఇగ ట్రైనింగ్ అని, ఆడిట్ అని మూడు నెలలకో ఆరు నెలలకో పోయివచ్చే ఇంజనీర్లు ఇస్నాపూర్ నుంచి బీహెచ్‌ఈఎల్ దాకా మన కాలనీల్లో కనబడుతూనే ఉన్నారు.

వాళ్ళ వెంట ఇల్లాళ్ళూ పోతున్నారు. కొడుకు దగ్గరికని అమ్మలు పోతున్నారు. పోయి ఏం చేస్తున్నారు? ఆయన పొద్దున డ్యూటీకి పోతే గదిలో కుక్కర్ పెట్టుకుని కూర్చుంటున్నారు. చివర్లో ఆయనకు నాలుగు రోజుల సెలవు దొరుకుతుంది. ఆ నాలుగు రోజులకు ప్లాన్ ఆయన స్నేహితులు వేస్తారు. ఒకరోజు టోక్యో టవర్, ఒకరోజు ఫూజీ కొండ, ఒకరోజు డిస్నీలాండ్, ఒకరోజు షాపింగ్. రైళ్ళు మారుతూ, క్యూల్లో నిలబడుతూ, పిల్లల వెనక ఉరుకుతూ ఆ నాలుగు రోజులు అయిపోతాయి. ఇంటికొచ్చాక ‘ఏం చూసినవ్’ అని అడిగితే ఫోన్ తీసి ఫోటోలు చూపించాల్సిందే తప్ప మనసులోంచి చెప్పడానికి ఒక్క ముచ్చట ఉండదు.

అందుకే చెప్తున్నా. ఆ నాలుగు రోజులు నువ్వు ప్లాన్ చెయ్యి. ఒకే దిక్కు పట్టుకో. నన్నడిగితే కీయి ద్వీపకల్పం పట్టుకో.

ఆ దిక్కే ఎందుకు?

మ్యాప్‌లో ఒసాకా, నగోయా పట్నాలు చూడు. వాటికి దక్షిణంగా పసిఫిక్ సముద్రంలోకి చొచ్చుకుపోయిన పెద్ద కొండల భూమి ఉంటుంది. అదే కీయి. లోపలంతా దేవదారు అడవులు, అంచంతా సముద్రం. తూర్పు కొసన ఇసే అనే మహాక్షేత్రం, దక్షిణాన కుమానో అనే మూడు గుళ్ళ క్షేత్రం, పైన కొండల నడుమ కోయసాన్ అనే బౌద్ధ క్షేత్రం. కుమానో, కోయసాన్, యోషినో క్షేత్రాలను, వాటిని కలిపే కాలిబాటలను 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుళ్ళతోపాటు, యాత్రికులు నడిచిన దారులను కూడా కాపాడవలసిన ఆస్తిగా గుర్తించారన్నమాట.

ఇక నా అసలు కారణం చెప్తా విను. మన ఇళ్ళల్లో తిరుపతికి టికెట్లు చేసే ముందు ఆడపిల్లను మొదట అడిగే మాట ఏంది? ‘డేట్ ఎప్పుడు?’ ఆ తేదీ అడ్డమొస్తే టికెట్ జరుపుతారు, లేదా మెడికల్ షాపులో గోలీ తెచ్చి మింగిస్తారు. ఏడుపాయల పోయినా, ఝరాసంగం పోయినా అదే లెక్క. మనలో ఎంతమంది గుడి గేటు దాకా పోయి, బయట చెట్టు కింద చెప్పులు కాపలా కాస్తూ కూర్చోలేదు చెప్పు!

జపాన్‌లో కూడా పాత రోజుల్లో ఇట్లాంటి కట్టుబాట్లు గట్టిగా ఉండేవి. కోయసాన్ కొండ మీదికి ఆడవాళ్ళను 1872లో ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చేదాకా రానీయలేదు. కొండ దారుల మొగదల ‘న్యోనిన్‌దో’ అనే ఆడవాళ్ళ మందిరాలు కట్టి, అక్కడి నుంచే మొక్కుకుని పొమ్మన్నారు. ఆ మందిరాల్లో ఒకటి ఇప్పటికీ నిలబడి ఉన్నది. ఆ యునెస్కో జాబితాలోనే ఉన్న ఓమినే పర్వత శిఖరం మీదికి ఈనాటికీ ఆడవాళ్ళను పోనీయరు.

కానీ కుమానో అట్లా కాదు. ఆ దేవుడు ఆడ, మగ, శుచి, అశుచి, నమ్మకం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అని చూడడని మధ్యయుగం నుంచే పేరు. దాని మీద ఒక కథ చెప్తారు. వెయ్యేళ్ళ కిందట ఇజుమి షికిబు అనే గొప్ప కవయిత్రి ఉండేది. కొండలు, లోయలు దాటి కుమానో యాత్రకు నడిచి వచ్చింది. ఫుషిఒగామి అనే గట్టు మీదికి వచ్చేసరికి కుమానో మూడు గుళ్ళలో ఒకటైన హోంగు గుడి వనం దూరంగా కనబడింది. సరిగ్గా అక్కడే ఆమెకు నెలసరి మొదలైంది. ఇంత దూరం వచ్చి గుడిలోకి అడుగు పెట్టలేకపోతున్నానే అని ఒక కవిత చెప్పుకుని దుఃఖపడింది. ఆ రాత్రి కలలో కుమానో దేవుడు కనబడి, నాకేం అభ్యంతరం లేదు, రమ్మన్నాడు. తెల్లారి ఆమె పోయి దర్శనం చేసుకున్నది. ఆ గట్టు మీద ఆమె పేరిట ఒక రాతి స్మారకం ఉన్నది.

ఇది కథే కావచ్చు చెల్లీ. కానీ ఆ కథను అన్ని వందల ఏళ్ళు బతికించుకున్న క్షేత్రం అది. ‘కుమానో బికుని’ అనే సన్యాసినులు బొమ్మల తెరలు చేతపట్టుకుని ఊరూరు తిరిగి, స్వర్గనరకాల కథలు చెప్పి, గుడికి చందాలు పోగుచేసి, ఆడవాళ్ళను యాత్రకు పిలిచేవాళ్ళు. చక్రవర్తులూ వచ్చారు. పదవి విడిచిన గో-షిరకావా చక్రవర్తి ముప్పైసార్లకు పైగా వచ్చాడు. రైతులూ వచ్చారు. యాత్రికులు చీమల బారులెక్క కదిలేవారని అక్కడ సామెతే ఉన్నది. ఆ బారులో ఆడవాళ్ళకు చోటుండేది. అందుకే నువ్వు పోవలసిన దారి ఇదని నేననేది.

మొదటి రోజు: ఇసే

‘నాలుగు రోజుల్ల గింత దూరం ఎట్లక్కా?’ అంటావు. దారి ఒక్కటే దిక్కు పోవాలె, వెనక్కి తిరగొద్దు. నగోయాలో మొదలుపెట్టి ఒసాకాలో తేలాలె. పెద్ద సూట్‌కేసును నగోయా హోటల్ నుంచే ఒసాకా హోటల్‌కు పార్సిల్ పంపే సౌకర్యం ఉన్నది. ‘తక్యూబిన్’ అంటే రిసెప్షన్‌లో వాళ్ళే ఫారం రాసిస్తారు. భుజాన చిన్న బ్యాగుతో బయల్దేరు. ఈ ఒక్క పనితో సగం అలసట తప్పుతుంది.

నగోయా నుంచి కింతెత్సు అనే ప్రైవేటు రైలులో ఇసే గంటన్నర దారి. జపాన్ రైల్వే వాళ్ళ జేఆర్ పాస్ ఈ రైలుకు చెల్లదు, టికెట్ విడిగా కొనాలె. ఇసేలో రెండు పెద్ద గుళ్ళు. స్టేషన్‌కు దగ్గరగా ఉన్న బయటి గుడిలో కొలువున్నది అన్నం పెట్టే దేవత తొయొఉకె. లోపలి గుడిలో సూర్యదేవత అమతెరసు. ముందు బయటి గుడి, తర్వాత లోపలి గుడి చూడడం ఆనవాయితీ. మనకు సూర్యుడు నారాయణుడు. వాళ్ళకు సూర్యుడు అమ్మవారు. చక్రవర్తి వంశం ఆమెనుంచే మొదలైందని వాళ్ళ నమ్మకం. ఈ గుడి పూజారులందరిపైన ఉండే ‘సైషు’ స్థానంలో 2017 నుంచి ఉన్నది ఒక స్త్రీ, ఇప్పటి చక్రవర్తి నరుహితో చెల్లెలు సయాకో కురోదా.

ఇసే గుడిలో బంగారం, గోపురాలు వెతక్కు. రంగు వెయ్యని చెక్క, గడ్డి కప్పు, అంతే. కానీ ఆ గుడిని 20 ఏళ్ళకోసారి పక్క జాగాలో అచ్చం అట్లాగే కొత్తగా కట్టి, దేవతను అందులోకి తీసుకుపోతారు. 690లో మొదలైన పద్ధతి. నడుమ యుద్ధాల కాలంలో ఆగినా మళ్ళీ పట్టుకున్నారు. 2013లో 62వసారి కట్టారు, 2033లో 63వసారి కడతారు. ఎందుకు ఈ తిప్పలు? పాత వడ్రంగి బతికుండగానే కొత్త వడ్రంగికి చేతిపని అందాలని ఒక కారణం చెప్తారు. మన ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నదమ్ములకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. పెద్ద మిస్త్రీ రిటైరయ్యే లోపల పిల్లగాడు పని నేర్వకపోతే ఆ పని అక్కడితోనే పోతుంది. ఇసే గుడి పక్కన ఖాళీగా ఉన్న ఆ రెండో జాగా తప్పకుండా చూడు.

గుడి మర్యాద కూడా చెప్తా. ప్రవేశంలో నీళ్ళ తొట్టి ఉంటుంది. గరిటెతో ఎడమచెయ్యి, కుడిచెయ్యి కడుక్కుని, చేతిలోకి నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలించాలె. గరిటె నోటికి పెట్టొద్దు. దేవత ముందు రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, దండం పెట్టుకుని, మళ్ళీ ఒకసారి వంగాలె. లోపలి గుడి మెట్ల మీద ఫోటోలు తీయొద్దు. దర్శనం అయ్యాక గుడి బయట పాత బజారులో 1707 నుంచి అమ్ముతున్న అకఫుకు మిఠాయి దొరుకుతుంది. బియ్యపు ముద్ద మీద ఎర్ర చిక్కుడుగింజల తీపి పూర్ణం. గుడ్డు, మాంసం ఉండవు. అత్తమ్మకు కూడా నిశ్చింతగా పెట్టొచ్చు.

రెండో రోజు: సముద్రపు ఆడబిడ్డలు

రాత్రి ఫుతామిలో పడుకుంటే తెల్లారి సముద్రపు ఒడ్డున మెఒతో-ఇవా చూడొచ్చు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు రాళ్ళను లావుపాటి వరిగడ్డి తాడుతో కట్టి ఆలుమగలంటారు. అలలకు తాడు పాడవుతుంది కాబట్టి ఏడాదికి మూడుసార్లు మార్చి కొత్తది కడతారు. ఎండాకాలపు పొడుగు పగళ్ళ రోజుల్లో, అంటే జూన్ దగ్గర, సూర్యుడు సరిగ్గా ఆ రెంటి నడుమ లేస్తాడు.

అక్కడి నుంచి తోబా దగ్గరే. కోకిచి మికిమొతో అనే ఆయన 1893లో ముత్యపు చిప్పలో మనిషి చేత్తో ముత్యం పండించింది ఈ నీళ్ళల్లోనే. చార్మినార్ దగ్గర ముత్యాల దుకాణాల్లో బేరమాడిన మనకు ఆ ముత్యం ఎట్లా పుడుతుందో చూడడం ఒక ముచ్చట. కానీ ముత్యాల కన్నా నేను చూడమనేది ‘అమా’లను. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకు మునిగి, చిప్పలు, నాచు ఏరి తెచ్చే ఆడవాళ్ళు. ఒక్క మునకకు ఒక నిమిషం లోపే సమయం. అరవై, డెబ్బై ఏళ్ళ వాళ్ళు కూడా ఇప్పటికీ మునుగుతున్నారు. 2017లో జపాన్ ప్రభుత్వం వాళ్ళ విద్యను ముఖ్యమైన జానపద వారసత్వంగా గుర్తించింది. వాళ్ళ తలగుడ్డ మీద ఒక నక్షత్రం కుట్టి ఉంటుంది. చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో గీసిన నక్షత్రం, మొదలైన చోటికే వచ్చి ముగుస్తుంది. మునిగిన మనిషి మళ్ళీ పైకి రావాలనే మొక్కు అది.

కాస్త సమయం చిక్కితే తోబా నుంచి బస్సెక్కి ఒసాత్సు ఊరికి పో. అక్కడి చిన్న గుడిలో ‘ఇషిగామి’ దేవత ఆడవాళ్ళ కోరిక ఒక్కటి తీరుస్తుందని నమ్మకం. అమాలు మొక్కుకునే దేవత. కాగితం మీద ఒకే ఒక్క కోరిక రాయాలె. పిల్లల మార్కులు, ఆయన ప్రమోషన్, అమ్మ షుగరు అన్నీ గుర్తుకొస్తాయి నాకు తెలుసు. ఆ ఒక్కసారికి నీకోసం రాసుకో చెల్లీ.

మధ్యాహ్నం దాటాక తాకి స్టేషన్‌లో మారి ‘నాంకి’ ఎక్స్‌ప్రెస్ పట్టుకోవాలె. రోజుకు కొన్నే ఉంటాయి కాబట్టి టైము ముందే చూసిపెట్టుకో. సాయంత్రానికి కీయి-కత్సుఉరా చేరతావు. టూనా చేపల రేవు అది. రాత్రి అక్కడే పడక.

మూడో రోజు: నాచి జలపాతం

పొద్దున మొదటి బస్సు పట్టుకుని దైమొన్-జాకా దగ్గర దిగు. ఇరుపక్కల వందల ఏళ్ళ దేవదారు చెట్లు, నడుమ నాచు పట్టిన రాతి మెట్లు. అవి ఎక్కి, ఆపైన మరికొన్ని వందల మెట్లు ఎక్కితే కుమానో గుళ్ళలో ఇంకొకటైన నాచి గుడి, దాని పక్కనే సెయిగాంతో-జి అనే బౌద్ధ మందిరం. అవతల 133 మీటర్ల ఎత్తు నుంచి ఒకే ధారగా పడే జలపాతం. అక్కడ జలపాతమే దేవుడు. దాని ముందు గర్భగుడి లేదు, విగ్రహం లేదు. ఆ ధారకే దండం పెడతారు.

ఇక్కడ మనకు సంబంధించిన ముచ్చట ఒకటున్నది. ఆ బౌద్ధ మందిరానికి మూలపురుషుడు రాగ్యో అనే భిక్షువని, ఆయన భారతదేశం నుంచి సముద్రంలో కొట్టుకొచ్చి ఈ ఒడ్డున తేలాడని స్థలపురాణం. అట్లా మన దిక్కు నుంచి ఒకాయన అక్కడికి పోతే, అక్కడి నుంచి మన దిక్కుకు బయల్దేరిన వాళ్ళ కథ ఇంకా గుండె బరువెక్కిస్తుంది. నాచి స్టేషన్ దగ్గర ఫుదరకుసాన్-జి అనే చిన్న గుడి ఉన్నది. అవలోకితేశ్వరుడి నివాసం ‘పోతలక’ దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉందని బౌద్ధ గ్రంథాలు చెప్తాయి. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ దాన్ని మన దక్షిణ భారతంలోనే చూపించాడు. ఆ పుణ్యభూమిని చేరాలని నాచి భిక్షువులు నెల రోజులకు సరిపడే తిండి పెట్టుకుని, గూడు లాంటి పడవలో కూర్చుని, తలుపు బయటి నుంచి మేకులు కొట్టించుకుని సముద్రంలోకి పోయేవాళ్ళు. 868 నుంచి 1722 దాకా ఇరవైసార్ల దాకా ఈ ప్రయాణాలు జరిగాయని ఆ గుడి చరిత్ర. తిరిగి రావాలని పోయిన పోకడలు కావవి. ఆ పడవ నమూనా ఇప్పుడు గుడి ఆవరణలో ఉన్నది. మనం విమానంలో దర్జాగా దాటే దూరం కోసం వాళ్ళు ప్రాణం పెట్టారు. అక్కడ రెండు నిమిషాలు నిలబడి దండం పెట్టు.

మధ్యాహ్నం షింగు మీదుగా బస్సులో కొండల్లోకి పోయి యునొమినె అనే వేడినీళ్ళ ఊళ్ళో దిగు. అక్కడ ఊరి నడుమ ఊటలో 90 డిగ్రీల దగ్గర నీళ్ళు మరుగుతుంటాయి. పక్క దుకాణంలో గుడ్లు, చిలగడదుంపలు వలసంచిలో కొని, ఆ నీళ్ళలో వేలాడదీసి ఉడికించుకుని తింటారు.

నాలుగో రోజు: నడక

తెల్లారి బస్సులో హొష్షిన్‌మొన్-ఒజి దాకా పోయి అక్కడి నుంచి నడువు. హోంగు గుడి దాకా సుమారు 7 కిలోమీటర్లు, చాలామట్టుకు దిగుడు దారి. టీ తోటలు, చిన్న పల్లెలు, అడవి. నడుమ వచ్చేదే ఇజుమి షికిబు ఆగిపోయిన ఆ గట్టు. ఆగు. నువ్వూ దూరంగా ఆ వనం చూడు. మనలో చాలామందికి ఆమె దుఃఖం పుస్తకంలో చదివి తెలుసుకోవలసినది కాదు.

హోంగు పాత గుడి నది నడుమ ఇసుక మేట మీద ఉండేది. 1889 వరదల్లో చాలాభాగం కొట్టుకుపోయింది. మిగిలిన మందిరాలను ఎత్తయిన జాగాకు తరలించారు. పాత జాగాలో ఇప్పుడు 34 మీటర్ల ఎత్తు తోరణం నిలబడి ఉన్నది. వరద వచ్చిన జాగాను ఖాళీగా వదిలి, చెట్లు పెంచి, ఇప్పటికీ మొక్కుతున్నారు. చెరువు శిఖంలో ప్లాట్లు వేసే మన కాలంలో ఈ సంగతి చూసి నేర్చుకోవలసినదే. దర్శనం అయ్యాక తనబె బస్సు, రెండు గంటలు. అక్కడి నుంచి సముద్రం పక్కగా రైలు. రాత్రికి ఒసాకా, నీ సూట్‌కేసు అక్కడే ఉంటుంది.

‘మరి కోయసాన్ వదిలేయాల్నా అక్కా?’ నాలుగు రోజులే ఉంటే వదిలెయ్. ఇంకో రెండు రోజులు దొరికితే ఒసాకా నుంచే పోవచ్చు, నంకాయ్ రైలు, ఆపైన కేబుల్ కారు. 816లో కూకాయ్ అనే గురువు పొందిన కొండ అది. ఆయన పాటించిన షింగోన్ సంప్రదాయపు గురుపరంపరలో మన ఆచార్య నాగార్జునుడు ఉన్నాడు. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తెరిచి ఆయన మంత్రశాస్త్రం అందుకున్నాడని వాళ్ళు చెప్తారు. ఆ స్తూపం అమరావతిదే కావచ్చని కొందరు పండితులు ఊహించారు. కూకాయ్ 835లో సమాధిలోకి పోయినా ఇంకా ధ్యానంలోనే ఉన్నాడని నమ్మి, రోజూ రెండుపూటలా భోజనం తీసుకుపోతారు. ఆయన సమాధికి పోయే దారిలో రెండు లక్షలకు పైగా సమాధులు. వాటిల్లో పానసోనిక్, నిస్సాన్ వంటి కంపెనీలు తమ దగ్గర పనిచేసి పోయిన వాళ్ళ పేరిట కట్టిన స్మారకాలు కూడా ఉన్నాయి. పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల దిక్కు నుంచి పోయిన మనం ఆ రాళ్ళ ముందు నిలబడితే కళ్ళు తడవక మానవు. పనిచేసిన మనిషి పేరు గుర్తుపెట్టుకోవడం ఏ కంపెనీకైనా తెలియవలసిన ధర్మం.

తిండి, స్నానం, మందులు

జపాన్‌లో మాంసం లేకపోయినా ఎండుచేప రసం ఉంటుంది చెల్లీ. ‘దాషి’ అంటారు. పులుసు, నూడుల్స్, కూర అన్నింట్లో పడుతుంది. శాకాహారివైతే గది బుక్ చేసేటప్పుడే మాంసం, చేప, దాషి వద్దని రాయి. పల్లె సత్రాల్లో ఆ పూటకు చెప్తే వాళ్ళు వండలేరు, పాపం కంగారు పడతారు. కోయసాన్ మఠాల్లో మాత్రం ఉల్లి, వెల్లుల్లి కూడా లేని సాధువుల భోజనం పెడతారు. అక్కడి ఊరగాయ పండు ‘ఉమెబోషి’ పెట్టిన అన్నం ముద్దలు చిన్న దుకాణాల్లో దొరుకుతాయి. పుల్లపుల్లగా మన నోటికి నచ్చుతాయి. ఇంటి నుంచి కందిపొడి, సకినాలు, పల్లిపట్టీలు, అటుకులు పట్టుకుపో. చికెన్ పచ్చడి, మటన్ తొక్కు మాత్రం వద్దు. మాంసం వస్తువులను విమానాశ్రయంలో తీసేస్తారు, జరిమానా కూడా ఉంటుంది. పచ్చి పండ్లు, ఆకుకూరలూ వద్దు.

మందుల్లో జాగ్రత్త. సూడోఎఫెడ్రిన్ ఎక్కువున్న జలుబు గోలీలు అక్కడ నిషేధం. మెడికల్ షాపతను ఇచ్చాడని గుప్పెడు గోలీలు బ్యాగులో వేసుకోకు. రోజూ వాడే బీపీ, షుగర్ మందులు నెలకు సరిపడా, డాక్టరు చీటీతో పట్టుకుపో. నెలసరి జరపడానికి గోలీ వేసుకోవాలనుకుంటే ముందుగా డాక్టరమ్మను అడుగు. ఈ యాత్రకు మటుకు ఆ గోలీ అవసరమే లేదు.

వేడినీళ్ళ స్నానాల దగ్గర మన ఆడవాళ్ళు జంకుతారు. ఆడవాళ్ళకు విడిగా ఉంటుంది గానీ ఒంటిమీద బట్ట ఉండొద్దు. ముందు కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలె. నెలసరి రోజుల్లో ఆ ఉమ్మడి తొట్టిలో దిగొద్దు, అది శుభ్రత మర్యాద. సిగ్గనిపిస్తే యునొమినెలో ‘త్సుబోయు’ అనే చిన్న చెక్క గది ఉన్నది. నంబరు చీటీ తీసుకుంటే అరగంట మీ కుటుంబానికే తలుపు వేసుకోనిస్తారు. యాత్రికులు వందల ఏళ్ళుగా స్నానం చేసిన నీళ్ళవి, యునెస్కో వారసత్వంలో భాగం.

ఎప్పుడు, ఎవరితో

జూన్‌లో ముసురు, ఆగస్టు, సెప్టెంబరుల్లో తుపాన్లు. 2011 సెప్టెంబరు తుపానుకు కీయి కొండలు విరిగిపడి చాలా ప్రాణాలు పోయాయి. ఏప్రిల్ చివర, మే మొదట్లో వాళ్ళ వరుస సెలవులు, గదులు దొరకవు. మనకు కుదిరేవి రెండు కాలాలు. ఏప్రిల్ మొదటి సగం, లేదా దసరా సెలవుల తర్వాత అక్టోబరు, నవంబరు. సద్దుల బతుకమ్మ ఆడి, పండుగ చేసుకునే బయల్దేరవచ్చు.

మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మ వెంట వస్తే వద్దనకు. నాచిలో పైదాకా టాక్సీ పోతుంది, నాలుగో రోజు నడక బదులు బస్సులో నేరుగా హోంగు గుడికి తీసుకుపో. పిల్లలతో పోతే రెండో రోజు ఒసాత్సు వదిలి తోబా ముత్యాలతో సరిపెట్టుకో. పల్లె బస్సుల్లో, సత్రాల్లో కొన్నిచోట్ల నగదే చెల్లుతుంది కాబట్టి నగోయా దాటకముందే ఏటీఎంలో యెన్లు తీసుకో. తీరం పొడవునా సునామీ వస్తే ఎటు ఎక్కాలో బాణం గుర్తులుంటాయి. గది చేరగానే ఆ దారి పిల్లలకు చూపించు. అంబులెన్సుకు 119, పోలీసులకు 110.

పోయే ముందు రెండు నెలలు నడక అలవాటు చేసుకో. ఫ్యాక్టరీల వాసనకు కొన్ని రాత్రులు కిటికీ తీయడానికే జంకే గాలి మనది, అందుకని తెల్లారి మంజీర దిక్కు గానీ, బీరంగూడ గుట్ట మెట్లు గానీ పట్టుకో. నాచు రాళ్ళ మీద చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లు కొనుక్కో. కొత్త బూట్లు ఇక్కడే అరగాలె, అక్కడ కాదు.

చివరిగా ఒక్క మాట. నీ ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు, పెళ్ళి తర్వాత మారిన ఇంటిపేరు ఒకదానికొకటి కలవకపోతే పాస్‌పోర్ట్ దగ్గరే ఆగిపోతావు. వీసా, టికెట్, గది అన్నీ దాని తర్వాతే. ఆయనకు ట్రైనింగ్ ఆర్డర్ వచ్చేదాకా ఆగకు. ఈ వారమే కాగితాలు బయటికి తీసి, తప్పులుంటే దిద్దించి, పాస్‌పోర్ట్‌కు అప్లై చెయ్యి చెల్లీ.